ముందు మెకానిక్ హిసాబ్ చూడండి, తర్వాత బేటీని అడగండి

మన ఇళ్లలో ఒక వింత దస్తూర్ ఉంది. గ్యాస్ బండ తెచ్చిన మనిషి గడప బయటే నిలబడి పిలవాలి. ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నాకే దర్వాజా తెరుచుకుంటుంది. అదే ఇంట్లో కంప్యూటర్ ఖరాబైతే, మొఖం కూడా చూడని పిల్లగానికి ఫోన్‌లో ఒక నంబర్ చదివి వినిపించి, ఇల్లంతా అప్పజెప్పి, చాయ్ పెట్టుకోవడానికి పోతాం. వాడు ఎప్పుడు వెళ్లిపోయాడో, మళ్లా ఎన్నిసార్లు వచ్చాడో అడిగే నాథుడు లేడు.

దుబ్బాకలో మా చుట్టాలింట్లో జరిగింది ఇదే. ఇంటాయన సౌదీలో ఉంటాడు. ప్రింటర్ నడవట్లేదంటే ఒక దుకాణం పిల్లగాడు దూరం నుంచే బాగుచేశాడు. కొన్నాళ్లకు ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేని అమ్మాయి ఫోటోలు బయట తేలాయి. ఇజ్జత్ పోయిందని ఇంట్లో పంచాయితీ. ఎవరి మీద? అమ్మాయి మీదే. ఎవనికి పంపినవ్, ఎప్పటి నుంచి నడుస్తోందని నిలదీసి ఫోన్ గుంజుకున్నారు, కాలేజీ బంద్ చేశారు. నేను పోయి కనెక్షన్ల లాగ్ తెరిచాను. ప్రింటర్ బాగైన తర్వాత నాలుగు రాత్రులు అదే నంబర్ లోపలికి వచ్చినట్టు రాసి ఉంది. ఒక్కసారి కూడా ఇంట్లోవాళ్లు ఒప్పుకొని నొక్కింది లేదు. ముందే పెట్టుకున్న పాస్‌వర్డ్‌తో తెరుచుకుని వచ్చాడు. ఇది చూడటానికి పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పెట్టకుండానే సొంత బిడ్డ మీద తోహమత్ వేశారు.

అప్పుడు ఒక చాచా అన్నాడు, "బద్‌గుమానీ గునాహ్ బేటా, గరీబు పిల్లగాని రోజీ మీద కొట్టకు" అని. చాచా, ఆ బద్‌గుమానీ మాట అమ్మాయిని నిలబెట్టి అడిగిననాడు ఎటుపోయింది? పరాయి ఇంట్లోకి ఇజాజత్ లేకుండా పోవద్దని సూరా నూర్‌లో హుకుం ఉంది. అప్పు లావాదేవీలు రాసిపెట్టుకోమని సూరా బఖరాలో అంత పెద్ద ఆయత్ ఉంది. మన గడప దాటిన గైర్ మనిషి హిసాబ్ మనం చదువుకుంటే అది జాసూసీ ఎట్లా అవుతుంది?

చదవడం కష్టమేమీ కాదు. ఎనీడెస్క్ అయితే విండోస్‌లో దాచి ఉండే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లో ఎనీడెస్క్ పేరు మీద కనెక్షన్ ట్రేస్ అనే ఫైలు ఉంటుంది. ప్రతి వరుసలో తేదీ, టైము, వచ్చినవాని నంబర్. పక్కన 'యూజర్' అని ఉంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నట్టు, 'పాస్‌వర్డ్' అనో 'టోకెన్' అనో ఉంటే అడగకుండానే వచ్చినట్టు. టీమ్‌వ్యూయర్లో ఇన్‌కమింగ్ కనెక్షన్ల ఫైలు వేరే ఉంటుంది. అందులో టైము మన గడియారం కాదు, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఈ లెక్క తెలియకనే "ఆ టైముకు అందరం మెలకువగానే ఉన్నాం కదా" అని కొట్టిపారేస్తారు. విండోస్‌తో వచ్చే క్విక్ అసిస్ట్ మాత్రం మన కంప్యూటర్లో లాగ్ రాయదు. ఇంకోటి, ఇవన్నీ మామూలు ఫైళ్లు, లోపలికి వచ్చినవాడు తుడిచేయనూ వచ్చు. అందుకే లాగ్ ఖాళీగా ఉందంటే ఎవరూ రాలేదని కాదు. దొరికిన వరుసలను ఫోన్‌తో ఫోటో తీసుకున్నాకే సాఫ్ట్‌వేర్ తీసేయండి. సుబూత్ అదే.

పైసల సంగతైతే 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది. ఖాతాలోంచి పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. యజమాని ఇజాజత్ లేకుండా కంప్యూటర్లోకి పోయి దురుద్దేశంతో పనిచేస్తే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా ఖైదు, ఐదు లక్షల దాకా జుర్మానా, లేదా రెండూ. కానీ మనవాళ్లు ఠాణాకు పోరు. పోతే అమ్మాయి పేరు బయటికొస్తుందట! తప్పు చేసినవాని పేరు మాత్రం భద్రంగా ఉండాలి.

ఇది చదివి భార్య మీద, బేటీ మీద నిఘా పెట్టడానికి లాగ్ తెరిచే మర్దులకు ఒక మాట. అందులో మీ ఇంటి ఆడవాళ్ల ముచ్చట్లు దొరకవు. బయటివాళ్లు ఎవరొచ్చారో దొరుకుతుంది, అంతే.

దుకాణాలు నడిపే భాయిలారా, మీలో ఎక్కువమంది ఈమాందార్లే. అయితే పని అయ్యాక ఆ పాస్‌వర్డ్ మీ చేతులతోనే తీసేయండి. రిపేరు బిల్లు మీద మీ కనెక్షన్ నంబర్, వచ్చిన టైము, పోయిన టైము రాసివ్వండి. రాయనంటే ఆ దుకాణానికి కంప్యూటర్ ఇవ్వొద్దని అమ్మీలకు, అక్కలకు నేనే చెబుతున్నా.