‘ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పంపండి’ అంటే సరిపోదు

విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోనో, సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులోనో సప్లయర్ క్వాలిటీ ఇంజినీరుగా చేరారనుకుందాం. మొదటి వారంలోనే మీ చేత ఒక మెయిల్ పంపిస్తారు: ‘మీ ప్రాసెస్‌కు ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పూర్తిచేసి రిపోర్టులు పంపగలరు.’ ఒక్క లైను. పాత ఫోల్డర్లోంచి కాపీ కొట్టి పంపేస్తారు. అవతల పాతిక మందితో మోల్డింగ్ షాపు నడుపుకునే ఆయన కూడా దొరికిన ఫార్మాట్ ఏదో నింపి పంపేస్తాడు. ఫైలు లావెక్కుతుంది, ప్రాసెస్ గురించి మాత్రం అందులో ముక్క ఉండదు.

తప్పు ఆయనది కాదు, సరిగ్గా అడగని మనది.

అసలు ఏ ప్రాసెస్‌కు వ్యాలిడేషన్ కావాలి? ఐఎస్‌ఓ 13485 ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. తయారైన ముక్కను తర్వాత కొలిచి సరిచూడలేని చోట, లేదా సరిచూడని చోట ప్రాసెస్‌నే ముందుగా నిరూపించుకోవాలి. సీఎన్‌సీలో తీసిన పిన్ను వ్యాసాన్ని ప్రతి ముక్కకూ గేజ్ పెట్టి చూసేస్తుంటే ఆ కొలత కోసం వ్యాలిడేషన్ అడగక్కర్లేదు. స్టెరైల్ పౌచ్ సీల్ సంగతి వేరు. దాని బలం తెలియాలంటే చింపాలి, చింపింది అమ్మలేం. ఆపరేషన్ థియేటర్‌లో నర్సు చేతికి వచ్చే పౌచ్‌ను ఎవరూ పరీక్షించి ఉండరు. సీలింగ్ మెషీన్ వేడి, ఒత్తిడి, సమయం ఇవి మూడూ అదుపులో ఉన్నాయన్న నమ్మకమే ఆ రోగికి రక్ష.

ఇక శాంపిళ్లు. ఏ భాగానికైనా ‘30 ముక్కలు చూశాం, అన్నీ పాస్’ అని రాయడం మనవాళ్లకు అలవాటైపోయింది. లెక్క వేసి చూడండి. 95 శాతం నమ్మకంతో కనీసం 95 శాతం ముక్కలు మంచివని చెప్పాలంటే, ఒక్కటీ ఫెయిల్ కాకుండా 59 చూడాలి. 99 శాతం మంచివనాలంటే 299. ముప్పై చూస్తే చెప్పగలిగేది 90 శాతం చుట్టూనే. పట్టుకునే హ్యాండిల్ రంగుకు అది చాలేమో, క్యాథెటర్ జాయింటుకు చాలుతుందా? ఆ అంకె రోగికి ఉన్న ప్రమాదాన్ని బట్టి మీరు తేల్చాలి. డ్రాయింగులో ఏ కొలత ప్రాణం మీదకు తెస్తుందో సప్లయర్‌కు తెలిసే దారి లేదు.

నేను చూసిన ఒక రిపోర్టులో మూడు పీక్యూ లాట్లూ ఒకే రోజు ఉదయం, ఒకే ఆపరేటర్ చేతి మీదుగా, ఒకే రెసిన్ లాటుతో అయిపోయాయి. కరెంటు పోయి మెషీన్ మళ్లీ వేడెక్కేటప్పుడు ఏమవుతుందో ఎక్కడా లేదు. ఆ షెడ్డులో కరెంటు తరచూ పోతుందని నాకు తెలుసు, అక్కడ కూర్చుని టీ తాగినవాణ్నే. అయినా సంతకం పెట్టాను. తర్వాత మళ్లీ చేయమంటే ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే: ‘ఈ మెటీరియల్, మెషీన్ టైమ్ డబ్బులు ఎవరిస్తారు సార్?’ ఎన్ని లాట్లు, ఏ షిఫ్టుల్లో, ఎన్ని రెసిన్ లాట్లతో అన్నది కొటేషన్ అడిగే ముందే కాగితం మీద ఉండుంటే ఆ మాట వచ్చేది కాదు.

ఒప్పందంలో ఇంకొకటి మర్చిపోవద్దు. మోల్డును వేరే మెషీన్‌కు మార్చినా, రెసిన్ గ్రేడు మారినా, రీగ్రైండ్ కలపడం మొదలుపెట్టినా ముందుగానే చెప్పాలని రాయించండి. ‘బయట చేయించాం’ అంటే బాధ్యత తప్పదు, ఐఎస్‌ఓ 13485 దాన్ని డివైజ్ తయారీదారు మీదే ఉంచుతుంది.

ఈసారి ఆ మెయిల్ పంపే ముందు ఒకసారి షాపుకి వెళ్లండి. మెషీన్ దగ్గరున్న ఆయన్ని ‘రిజెక్షన్లు వస్తే ముందు ఏ సెట్టింగ్ మారుస్తావన్నా?’ అని అడగండి. ఆయన చెప్పింది మీ ఓక్యూ ప్లాన్‌లో లేకపోతే ప్లాన్ తిరగరాయండి. మెయిల్ రేపు పంపినా ఏం కాదు.