జెండా మారినప్పుడు మూల్యం చెల్లించేదెవరు?

2018 ఫిబ్రవరి 15న దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ జంటల పోటీ ముగిసేసరికి స్వర్ణ, రజత పతకాల మధ్య తేడా అర పాయింటు కూడా లేదు. జర్మనీ తరఫున ఆడిన అల్యోనా సావ్‌చెంకో, బ్రూనో మాసో జంట 235.90 పాయింట్లు సాధించగా, చైనా జంట 235.47 వద్ద ఆగిపోయింది. ఈ విభాగంలో 1952 తరువాత జర్మనీకి దక్కిన తొలి స్వర్ణం ఇదే. అయితే ఆ పతకాన్ని తెచ్చిన ఇద్దరిలో ఒక్కరూ జర్మనీలో పుట్టినవారు కారు. సావ్‌చెంకో ఉక్రెయిన్ మహిళ. మాసో ఫ్రాన్స్ దేశీయుడు.

కీవ్ నగరానికి సమీపంలోని ఒబుఖివ్‌లో 1984లో జన్మించిన సావ్‌చెంకో, స్తానిస్లావ్ మొరోజోవ్‌తో కలిసి 2000లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచారు. 2002 సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఉక్రెయిన్ తరఫున 15వ స్థానం పొందారు. ఆ జంట విడిపోయాక స్వదేశంలో ఆమెకు తగిన భాగస్వామి దొరకలేదు. జంట స్కేటింగ్‌లో ఎత్తు, బరువు, వేగం, పరస్పర విశ్వాసం కుదిరిన మనిషి దొరకడం పతకం గెలవడమంత కష్టం. ఆ అన్వేషణే 2003లో ఆమెను జర్మనీలోని కెమ్నిట్జ్ నగరానికి, రాబిన్ సొల్కోవీ వద్దకు చేర్చింది. 2005 డిసెంబరు చివర ఆమెకు జర్మన్ పౌరసత్వం లభించింది. ఆ జంట అయిదుసార్లు ప్రపంచ విజేత అయింది. 2010, 2014 ఒలింపిక్స్‌లలో కాంస్యాలు గెలిచింది.

సొల్కోవీ విరమించుకున్నాక, ముప్ఫయ్యేళ్ల వయసులో ఆమె మళ్లీ మొదటి మెట్టు వద్ద నిలబడ్డారు. మాసోను భాగస్వామిగా ఎంచుకోవడంతో అసలు చిక్కు మొదలైంది. ఒక దేశం తరఫున పోటీపడిన స్కేటర్ మరో దేశానికి ఆడాలంటే, అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ నిబంధనల ప్రకారం పాత సమాఖ్య నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. నిర్ణీత కాలం వేచి ఉండాలి. ఫ్రాన్స్ సమాఖ్య ఆ పత్రాన్ని చాలాకాలం ఇవ్వలేదు. 30 వేల యూరోల పరిహారం చెల్లించిన తరువాతే, 2015 శరదృతువులో మాసోకు విముక్తి లభించింది. ఈలోగా ఒక పూర్తి సీజన్ చేజారిపోయింది.

అంతటితో అడ్డంకులు తొలగలేదు. ప్రపంచ పోటీలలో జంటలో ఒకరికి ఆ దేశ పౌరసత్వం ఉంటే చాలు. ఒలింపిక్స్‌లో మాత్రం ఇద్దరికీ ఉండి తీరాలి. మాసో జర్మన్ భాషా పరీక్షలో తొలుత విఫలుడై, మరల ప్రయత్నించి, క్రీడలకు మూడు నెలల ముందు మాత్రమే, అంటే 2017 నవంబరులో, పౌరుడయ్యాడు.

దీన్ని వ్యక్తిగత పట్టుదలకు నిదర్శనంగా మెచ్చుకొని ఊరుకోవచ్చు. కానీ సమాఖ్యల వాదనలోనూ న్యాయముంది. చిన్ననాటి నుంచి మంచు మైదానం, శిక్షకుడు, ప్రయాణ ఖర్చులు సమకూర్చిన దేశం పంట చేతికొచ్చే వేళకు చేను పోగొట్టుకుంటే ఎలా? ఉక్రెయిన్ అనుభవమే ఇందుకు ఉదాహరణ. సావ్‌చెంకో వెళ్లిపోయాక అదే మొరోజోవ్‌తో జతకట్టిన తత్యానా వొలొసొజార్ 2010లో రష్యాకు మారారు. 2014 సోచి క్రీడల్లో ఆమె రష్యా జెండా కింద స్వర్ణం, సావ్‌చెంకో జర్మనీ జెండా కింద కాంస్యం అందుకున్నారు. ఇద్దరినీ తీర్చిదిద్దిన ఉక్రెయిన్‌కు ఆ పోటీలో మిగిలింది శూన్యం.

కనుక నిరీక్షణ కాలం, పరిహారం అనే ఏర్పాట్లు అన్యాయమైనవని అనలేం. అన్యాయం వాటి అనిశ్చితిలో ఉంది. ఎంత చెల్లించాలో, ఎన్నాళ్లు ఆగాలో ముందే తెలియనప్పుడు నిరభ్యంతర పత్రం బేరసారాల వస్తువవుతుంది. సమాఖ్యకు ఏడాది ఆలస్యం ఒక దస్త్రం ఆలస్యం మాత్రమే. ముప్ఫయ్యేళ్ల స్కేటర్‌కు అది మిగిలిన క్రీడా జీవితంలో పెద్ద భాగం. ఉక్రెయిన్‌పై దాడి అనంతరం 2022లో రష్యా స్కేటర్లపై నిషేధం పడ్డాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. రష్యాలో పుట్టిన అనస్తాసియా మెటెల్కినా జార్జియా తరఫున, నికితా వొలోడిన్ జర్మనీ తరఫున జంటల పోటీల్లో పాల్గొంటున్నారు.

భారతదేశానికి ఈ చర్చ దూరమైనది కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారే జాతీయ జట్లకు ఆడాలని కేంద్ర ప్రభుత్వం 2008 డిసెంబరులో నిర్ణయించింది. అంతకుముందు భారత డేవిస్ కప్ జట్టులో ఆడిన అమెరికా పౌరుడు ప్రకాశ్ అమృతరాజ్ వంటివారికి ద్వారం మూసుకుపోయింది. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. ప్రవాస భారతీయులకిచ్చే ఓసీఐ కార్డు ఇందుకు చాలదు. జపాన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు ఇజుమి అరాటా తన జపాన్ పౌరసత్వాన్ని వదులుకొని 2012లో భారతీయుడై, మరుసటి ఏడాది మన జట్టుకు ఆడాడు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టిపెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలు భారత్ తరఫున ఆడదలచినా ఇదే షరతు.

ఈ షరతు కఠినమైనదే. అయినా అది ముందే తెలిసిన షరతు, అందరికీ ఒకటే షరతు. అంతర్జాతీయ సమాఖ్యలు నేర్వవలసింది ఆ స్పష్టతనే. నిరీక్షణ కాలం ఇంతేనని, పరిహారం ఇంతకు మించదని, దాన్ని క్రీడాకారుడు కాక స్వీకరించే సమాఖ్యే భరించాలని ముందుగా ప్రకటించాలి. వివాదం వస్తే పాత సమాఖ్య కాక, స్వతంత్ర మధ్యవర్తి తీర్పు చెప్పాలి. అప్పుడు పెంచిన దేశానికి దక్కవలసింది దక్కుతుంది. క్రీడాకారుల విలువైన ఏళ్లు ఆ బేరంలో కరిగిపోవు.