రహీం మాస్టారు

2011లో మన ఫుట్‌బాల్ సమాఖ్యవారు రాబ్ బాన్ అనే డచ్చి పెద్దమనిషిని టెక్నికల్ డైరెక్టరుగా రప్పించుకున్నారు. మరుసటి యేడు కోచ్‌గా వచ్చిన కోవర్‌మాన్స్ కూడా హాలండువాడే. పూర్వం డచ్చివారు మచిలీపట్నం వచ్చింది మన బట్టల కోసం. యీసారి విద్య కోసం మనమే వారిని పిలుచుకున్నాం. తప్పేమీ లేదు. విద్య యెక్కడున్నా తెచ్చుకోవలసిందే. మా చాపాడు నుంచి ప్రొద్దుటూరు కాలేజీకి బస్సెక్కే కుర్రవాళ్లకు ఆ యిద్దరి పేర్లూ తెలియవు. పోనీ, వాళ్ల లోకం క్రికెట్టు. కాని హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు కూడా తెలియదే! 2024లో ‘మైదాన్’ హిందీ సినిమా వచ్చాక నలుగురు చెప్పుకున్నారు గాని, వాళ్లకు గుర్తున్నది అజయ్ దేవగన్.

రహీం సాహెబు 1909లో పుట్టారు. వృత్తికి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో దేశపు జట్టు ఆయన చేతికి వచ్చింది. మరుసటి యేడే ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ మరుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా మన మీద పది గోల్సు వేసింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లే లేవు. నాలుగేళ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా జట్టును 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం.

ఆయన చేసిన పనుల్లో నాకు మరీ నచ్చినది ఒకటుంది. కుర్రవాళ్లకు పోటీలు పెట్టి, బలహీనమైన కాలితోనే బంతి తన్నాలనేవారు. కుడికాలి మొనగాడు అక్కడ పసివాడే. నేనూ మా తరగతిలో, పద్యం గడగడా చదివే పిల్లవాడి చేత వచనం రాయిస్తుంటాను. వాడి మొహం చూడాలి!

ఇక 1962, జకార్తా. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన ప్రతినిధి తప్పుపట్టారు; దాంతో అక్కడి జనానికి మన మీద కోపం. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయిలాండు మీద గెలిచిన ఆటలో రక్షణ పంక్తిలోని జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మరొకరయితే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు అతన్ని ముందు వరసలో, గోల్సు వేసేచోట నిలబెట్టారు! దక్షిణ వియత్నాం మీద ఒక గోలు వేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ ఆ కొరియాయే. జనమంతా మనల్ని గేలి చేస్తుంటే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేశారు. 2-1తో బంగారం మనది. ఆ జట్టులో బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ మన హైదరాబాదు, సికింద్రాబాదు వీధుల్లో పెరిగినవాళ్లే.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సరుతో రహీం మాస్టారు పోయారు. వయస్సు యాభై నాలుగు నిండలేదు. 1970లో బ్యాంకాక్‌లో మనకు కంచు పతకం వచ్చింది. బంగారం మాత్రం అదే ఆఖరు.