ముత్యాల గర్భము: నింద ఎవ్వరిది?



ఏండ్ల తరబడి నిరీక్షించి, వైద్యసహాయమున గర్భము దాల్చిన స్త్రీతో వైద్యురాలు "ఇందు శిశువు లేదు, ద్రాక్షగుత్తివంటి నీటిబుడగలే కలవు" అని చెప్పినచో ఆ యింటి దుఃఖము వర్ణింపనేల? దీనినే ముత్యాల గర్భమందురు. ఆ దుఃఖముకంటె వెనువెంట వచ్చు నింద క్రూరమైనది. "ఏమి తినెనో, ఏ బరువెత్తెనో!" అని ఇరుగుపొరుగువారు గొణుగుదురు. ఆ నిందను గూర్చియే మేము ఈ మాసమున వ్రాయుచున్నాము.

శిశువునకు తల్లినుండి 23, తండ్రినుండి 23 క్రోమోజోములు రావలయును. సంపూర్ణమగు ముత్యాల గర్భమున తల్లి క్రోమోజోములు లోపించును. ఒక శుక్రకణమునందలి 23 రెట్టింపై 46 అగుటయే తఱచు. కొన్నిట రెండు శుక్రకణములు ప్రవేశించును. 1977లో కాజీ, ఓహామా అను జపాను శాస్త్రజ్ఞులు ఈ పితృమూలమును వెల్లడించిరి. అసంపూర్ణ రకమున తల్లి భాగముండును గాని తండ్రి భాగము రెండింతలై మొత్తము 69 అగును. తండ్రి భాగము మితిమీరుటచే మావి బుడగలై ఉబ్బును.

1992లో ప్రకటింపబడిన ఇక్సీ పద్ధతిలో ఒక్క శుక్రకణమునే సూదితో అండమున ప్రవేశపెట్టుదురు. కావున రెండు కణములు చొరబడు దోషము తప్పును. ఐనను, ఆ యొక్క కణము తనంతట రెట్టింపగుటను సూది ఆపజాలదు. అందుచేతనే ఈ వైద్యము పిమ్మటను ముత్యాల గర్భము అరుదుగా కనబడుచున్నది.

మఱియొక రకము మిక్కిలి అరుదు. కొందఱికి మరల మరల ఇదియే సంభవించును. వారిలో పలువురియందు ఎన్.ఎల్.ఆర్.పి.7 అను జన్యువు చెడియుండునని 2006లో తెలిసినది. ఇందు ఇరువురి క్రోమోజోములును ఉండును. అండము సిద్ధమగుటలోనే లోపము. వీరికి ఇక్సీవలన ప్రయోజనము లేదు. అన్యస్త్రీ దానము చేసిన అండముతో బిడ్డలను గన్నవారు కలరు. కావున తొలగించిన భాగమును జన్యుపరీక్షకు పంపుట మేలు.

ఒకమారు సంభవించినవారిలో నూటికి సుమారు ఒక్కరికే మరల కలుగును. ఐనను హెచ్.సి.జి. రక్తపరీక్షలను వైద్యురాలు చాలుననువఱకు మానరాదు. శేషించిన కణములు కొన్నియెడల క్యాన్సరుగా మాఱును. సకాలమున గుర్తించినచో అదియు మిక్కుటముగా నయమగును. అంతవఱకు మరల గర్భము దాల్చరాదు.

తన క్రోమోజోమొక్కటియు లేని గర్భమునకై తల్లిని దూఱుట ఏమి న్యాయము? భర్తను దూఱుటయు న్యాయము గాదు. కణము రెట్టింపగుట ఎవ్వరి చేతనున్నది? మీ యింటి కోడలికి ఇట్టి కష్టము వచ్చినచో ప్రశ్నింపకుడు. పరీక్షదినమున ఆమె వెంట నడువుడు.