వైఫై తీసేయాల్సిన పనిలేదు



వైఫై పెట్టించాక డీటీహెచ్‌లో బొమ్మ ఆగిపోతోందని, అందుకే రూటర్ తీసేయించామని తిరువళ్లూరు పాఠకులు గత సంచికలో రాశారు. ఆ సలహా ఎవరూ పాటించవద్దు.

డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ కేబుల్లోకి పంపే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. వైఫై మొదలయ్యేదే 2400 దగ్గర. జోరువానలో బొమ్మ పోతే అది వాన పని. ఎండలోనూ పోతుంటే మేడ మీదికెళ్లి కేబుల్ కొనలు చూడాలి. కనెక్టర్ ఒక్కటి తుప్పు పట్టినా చాలు.

అసలు తగువు ఇంటర్నెట్‌కు కలిపే సెట్‌టాప్ బాక్సులతో. ఫైబర్ మోడెమ్‌కు మనం కొన్న రూటర్ తగిలిస్తాం. చాలాసార్లు రెండింటిదీ 192.168.1.1 అనే అడ్రసే. పైగా రెండూ ఇంట్లో పరికరాలకు అడ్రసులు పంచుతాయి. ఫోనుకూ బాక్సుకూ ఒకే అడ్రసు పడితే ఏదీ సరిగా నడవదు. రూటర్ అడ్రసును మోడెమ్ పంచే వరసలో లేనిదానికి మార్చి, అడ్రసులు పంచే దాని డీహెచ్‌సీపీని ఆపేసి, మోడెమ్ వైరును ల్యాన్ పోర్టులో పెట్టాలి. రికార్డింగ్‌కు వాడే యూఎస్‌బీ 3.0 డిస్కును రూటర్‌కు దూరంగా ఉంచాలి. అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని నిజంగానే చెడగొడుతుంది.

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిన తిరుత్తణి మాది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పెద్దలకు తెలుగు చానళ్లూ కావాలి, పిల్లల చదువుకు వైఫై కూడా కావాలి. ఆ పాఠకులు రూటర్ మళ్లీ పెట్టించుకుని, ముందు అడ్రసులు సరిచూసుకోవాలని మనవి.

– ఒక పాఠకుడు, తిరుత్తణి