హ్యాంగర్‌లో బ్యాలెట్ పెట్టె పెట్టాలి

విమాన మరమ్మతు పనిలో ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు!

రెండు విమాన సంస్థలు కలిస్తే యాజమాన్యం ఒక్కటవడానికి సంతకాలు చాలు. విమానాల తోకల మీద రంగు మారడానికి కొన్ని నెలలు పడుతుంది. మన యూనియన్లు మాత్రం ఏళ్ల తరబడి రెండుగానో మూడుగానో ఉండిపోతాయి. ఈ గేటు దగ్గర ఒక జెండా, ఆ గేటు దగ్గర ఇంకో జెండా. చందా రసీదు ఇద్దరూ కోస్తారు. జీతాల సంగతి మాట్లాడదామని వెళ్తే మాత్రం పైనుంచి వచ్చే జవాబు ఒక్కటే: ‘‘మీలో ఎవరితో మాట్లాడాలో ముందు మీరు తేల్చుకుని రండి.’’ పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ కరపత్రం ఏ యూనియన్ తరఫునా వేసింది కాదు. ఫలానా జెండా పట్టుకోండని చెప్పడానికీ కాదు. మేం అడుగుతున్నది ఇది: విలీనం జరిగిన ప్రతి విమాన సంస్థలో ఆరు నెలల్లోపు మెకానిక్‌లందరూ రహస్య బ్యాలెట్‌లో ఓటు వేసి తమ ప్రతినిధి సంఘం ఏదో తేల్చాలి. ఆ ఎన్నిక కంపెనీ పర్సనల్ ఆఫీసులో కాకుండా కేంద్ర లేబర్ కమిషనర్ ఆధ్వర్యంలో జరగాలి.

ఇప్పుడే ఎందుకంటే, 2024 అక్టోబరు 1న ఏఐఎక్స్ కనెక్ట్ వెళ్లి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. పాత ఎయిర్ ఇండియా ఇంజనీరింగ్ సంస్థ ఏఐఈఎస్ఎల్ మాత్రం 2022లో టాటాలకు పోకుండా ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. శంషాబాద్‌లో ఒకే రన్‌వే పక్కన వేరువేరు కంపెనీల బ్యాడ్జీలు తగిలించుకున్నవాళ్లు ఒకే రకం విమానాలకు పనిచేస్తున్నారు. రేపు ఇంకెవరు ఎవరిలో కలుస్తారో మనకు చెప్పి చేయరు.

2007 సంగతి పాతవాళ్లకు గుర్తే. ఆ ఆగస్టు 27 నుంచి ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకే కంపెనీ అన్నారు. 1953 నుంచి వేరువేరుగా పెరిగిన సంస్థలవి. ఒకరిది ప్రధానంగా బోయింగ్ పని, ఒకరిది ఎయిర్‌బస్ పని. జీతాల స్కేళ్లు వేరు, ప్రమోషన్ లెక్కలు వేరు, అలవెన్సులు వేరు, యూనియన్లూ వేరే. ఈ తేడాలు ఎలా సర్దాలో చెప్పమని జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసింది 2011లో. నివేదిక వచ్చింది 2012 జనవరిలో. పెళ్లయిన నాలుగున్నరేళ్లకు ముహూర్తం చూసినట్టు!

ఈ మధ్యలోనే 2010 మే 22 వచ్చింది. మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కూలి 158 మంది చనిపోయారు. పత్రికలతో మాట్లాడొద్దని సంఘాల నాయకులకు తాఖీదులు అందాయి. దానిమీదా, ఆలస్యమవుతున్న జీతాల మీదా మే 25న గ్రౌండ్ సిబ్బంది, ఇంజనీర్లు మెరుపు సమ్మెకు దిగారు. మర్నాడు ఢిల్లీ హైకోర్టు ఆపమంది, సమ్మె ఆగింది. ప్రమాదం జరిగిన మూడు రోజులకే ప్రయాణికులను విమానాశ్రయాల్లో కూర్చోబెట్టడం మనవాళ్ల తొందరపాటేనని మా అభిప్రాయం. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఎయిర్ కార్పొరేషన్స్ ఎంప్లాయీస్ యూనియన్‌కు, ఆలిండియా ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజనీర్స్ అసోసియేషన్‌కు యాజమాన్యం గుర్తింపు రద్దు చేసింది. కొందరిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. దశాబ్దాల సంఘాల గుర్తింపు ఒక్క ఉత్తరంతో పోయింది. ఎందుకు పోయిందంటే, ఇచ్చింది యాజమాన్యం కాబట్టి. కార్మికుల ఓటుతో వచ్చిన గుర్తింపైతే తీసేయాలన్నా కార్మికుల దగ్గరికే రావాలి.

ఆ తర్వాత పైలట్ల వంతు. 2011లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం పది రోజులు సమ్మె చేశారు. 2012లో పూర్వపు ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు చేశారు. బోయింగ్ 787 శిక్షణలో అవతలివాళ్లకు వాటా ఇవ్వొద్దని! ఒకే కంపెనీ వాళ్లు యాజమాన్యాన్ని వదిలి ఒకరిమీద ఒకరు సమ్మె చేసినంత పనైంది.

అమెరికా మెకానిక్‌లు ఈ బాధ మనకంటే ముందే పడ్డారు. అక్కడ 1926 నాటి రైల్వే లేబర్ యాక్టును 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. దాని కింద నేషనల్ మీడియేషన్ బోర్డు ఉంది. రెండు సంస్థలు కలిస్తే ఇక ఇది ఒకే రవాణా వ్యవస్థ అని బోర్డు ముందు తేలుస్తుంది. ఆపైన దేశం మొత్తంలో ఆ సంస్థ మెకానిక్‌లందరికీ ఒకే ప్రతినిధి సంఘం. పోటీ గట్టిది: మెషినిస్టుల సంఘం, ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్, టీమ్‌స్టర్స్ ఒకవైపు, సామాను మోసేవాళ్లతో కలిపి లెక్కేస్తే మన పని విలువ మునిగిపోతుందని మెకానిక్‌ల కోసమే పెట్టిన ‘ఆమ్ఫా’ ఇంకోవైపు.

పోటీ పెరిగి పగగా మారితే ఏమవుతుందో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో తెలిసింది. 1998లో మెషినిస్టుల సంఘాన్ని తప్పించి అక్కడ ఆమ్ఫా వచ్చింది. 2005 ఆగస్టు 20న దాదాపు 4,400 మంది మెకానిక్‌లు, క్లీనర్లు సమ్మె మొదలుపెట్టారు. ఓడిన సంఘం సాయానికి రాలేదు. మిగతా సంఘాల వాళ్లూ గేటు దాటి పనిలోకి వెళ్లారు. యాజమాన్యం బయటివాళ్లను తెచ్చి విమానాలు నడిపించుకుంది. 2008లో ఆ సంస్థ డెల్టాలో కలిసిపోయింది. డెల్టా మెకానిక్‌లకు యూనియనే లేదు. ఎవరు గెలిచినట్టు?

యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కథ వేరు. 2003లో మెషినిస్టుల సంఘం పోయి ఆమ్ఫా, 2008లో ఆమ్ఫా పోయి టీమ్‌స్టర్స్. 2010లో కలిసిన కాంటినెంటల్‌లోనూ టీమ్‌స్టర్సే ఉన్నారు. అంటే జెండా గొడవ లేదు. అయినా రెండువైపుల మెకానిక్‌లకు ఒకే ఒప్పందం కుదిరింది 2016 డిసెంబరులో. అమెరికన్ ఎయిర్‌లైన్స్, యూఎస్ ఎయిర్‌వేస్ 2013 డిసెంబరులో కలిశాయి. అక్కడ రెండువైపుల సంఘాలూ ఓటులో తలపడకుండా ఉమ్మడి అసోసియేషన్ పెట్టుకున్నాయి. వాళ్ల ఒప్పందానికి 2020 మార్చి దాకా పట్టింది. బ్యాలెట్ పెడితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మేం చెప్పడం లేదన్నమాట. బ్యాలెట్‌తోపాటు చర్చలకు గడువూ రాసుకోవాలి.

ఇంకో ప్రమాదం ఉంది. గెలిచినవాళ్లు ఓడినవాళ్లను తొక్కేయడం. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థను కొనుక్కుంది. ఏళ్ల సర్వీసున్న టీడబ్ల్యూఏ ఎయిర్‌హోస్టెస్‌లను సీనియారిటీ జాబితాలో అట్టడుక్కి నెట్టారు. ఉద్యోగాల కోత వచ్చినప్పుడు ముందు పోయింది వాళ్లే. ఆ అన్యాయం నుంచే 2007లో ఒక చట్టం పుట్టింది: విలీనమప్పుడు సీనియారిటీ న్యాయంగా కలపాలి, కుదరకపోతే తటస్థ మధ్యవర్తి తేల్చాలి. ఇలాంటిది మనకూ కావాలి. చేరిన తేదీని చూడాలా, లైసెన్సు వచ్చిన తేదీనా, గ్రేడులోకి వచ్చిన తేదీనా అన్నది ఓట్ల బలంతో తేల్చే విషయం కాదు. పోటీలో ఉన్న యూనియన్లన్నీ ఎన్నికకు ముందే సీనియారిటీని మధ్యవర్తికి వదిలేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అప్పుడే ‘వాళ్లు గెలిస్తే మన పొట్ట కొడతారు’ అన్న ప్రచారానికి నోరు మూతపడుతుంది. ఇలాంటి సందర్భాల్లో సగం ఓట్లు పడేది ఆ భయానికే.

ఇవన్నీ అమెరికా కబుర్లు, మన దగ్గర సాగవంటారా? సింగరేణి బొగ్గు గనులు చూడండి. ఒకప్పుడు లెక్కలేనన్ని సంఘాలు, చీటికిమాటికి సమ్మెలు. 1998 నుంచి కేంద్ర కార్మిక శాఖ రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నిక జరుపుతోంది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో ఓటర్లు దాదాపు 40 వేల మంది. కంపెనీ మొత్తం మీద ఏఐటీయూసీ గెలిచింది. ఏరియాల్లో చూస్తే ఆరు ఐఎన్‌టీయూసీవి, అయిదు ఏఐటీయూసీవి. కంపెనీకి గుర్తింపు సంఘం ఒకటి, ఏరియాలో ప్రాతినిధ్య సంఘం వేరొకటి కావచ్చు. ఇద్దరికీ కుర్చీ ఉంది. మన హ్యాంగర్లకు ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు మాకు కనబడలేదు. కేంద్ర స్థాయి జీతాల చర్చ ఒకరు, శంషాబాద్ షిఫ్టుల గొడవ ఇంకొకరు చూసుకోవచ్చు. రైల్వేలోనూ 2024 డిసెంబరులో రహస్య బ్యాలెట్టే పెట్టారు.

ఎన్నికలంటే మందు, డబ్బు, పార్టీల పెత్తనం వస్తాయని కొందరి అభ్యంతరం. వస్తాయి. సింగరేణిలో అవేవీ లేవని ఎవరూ అనరు. కానీ 2012లో, 2017లో గెలిచిన సంఘం 2023కి పీఠం దిగింది. రసీదు పుస్తకాల లెక్కతో కుర్చీ ఎక్కిన నాయకుణ్ణి దింపే దారి ఏదో అభ్యంతరం చెప్పేవాళ్లే చూపించాలి.

ఇక చట్టం. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘాన్ని రిజిస్టరు చేసేది గాని, దాన్ని గుర్తించి తీరాలని యాజమాన్యానికి చెప్పలేదు. 1958 క్రమశిక్షణ నియమావళి ఇష్టమైతే పాటించేది. ఫుడ్ కార్పొరేషన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు రహస్య బ్యాలెట్‌కు పద్ధతి చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో దేశమంతటికీ మొదటిసారి ఒక లెక్క వచ్చింది. మస్టర్‌లో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘం ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధితో చర్చల మండలి. ఈ కోడ్‌లో సమ్మె మీద పెట్టిన ఆంక్షలను మేం ఒప్పుకోం. అది వేరే కరపత్రం. ఈ ఒక్క సెక్షన్‌ను మాత్రం వదులుకోకూడదు.

అయితే మూడు చోట్ల జాగ్రత్తపడాలి. మద్దతు ఎలా లెక్కించాలన్నది నిబంధనలకు వదిలారు. సభ్యత్వ రిజిస్టర్లు చూసి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. ఒక్కో మనిషి పేరు రెండు మూడు రిజిస్టర్లలో ఉంటుందని మనకు తెలియనిదా! రెండోది, విమాన సంస్థ మొత్తాన్ని ఒక్క లెక్కలో వేస్తే క్యాబిన్, కౌంటర్ సిబ్బంది మధ్య మెకానిక్‌ల మాట వినబడదు. విడదీయగలిగిన యూనిట్‌ను వేరే సంస్థగా చూడొచ్చని కోడే చెబుతోంది కాబట్టి ఇంజనీరింగ్ విభాగాన్ని వేరే యూనిట్‌గా అడగాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. కాంట్రాక్టర్ కింద పనిచేసే హెల్పర్, టెక్నీషియన్ పేరు కంపెనీ మస్టర్‌లో ఉండదు, కాబట్టి ఓటూ ఉండదు. సింగరేణిలోనూ కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. అక్కడి లోటు మనం ఇక్కడ తెచ్చుకోనక్కర్లేదు. రాత్రి రెండు గంటలకు ల్యాండింగ్ గేర్ కింద పడుకుని పనిచేసేవాడికి లేని ఓటు, మిగతావాళ్లకు ఉండి మాత్రం ఎంత గట్టిదవుతుంది? లైసెన్సున్న ఇంజనీర్లను ‘సూపర్‌వైజర్లు’ అని పక్కకు తోసే ప్రయత్నమూ జరగవచ్చు. 18 వేల రూపాయల పైన జీతమున్న సూపర్‌వైజర్‌ను కోడ్ కార్మికుడి కింద లెక్కించదు. సంతకం పెట్టడం పెత్తనం చేయడం కాదని, చేతికి అంటిన గ్రీజు సాక్షిగా వాదించాలి.

ప్రయాణికులూ ఇది మా గొడవ కాదనుకోవద్దు. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం సముద్రంలో పడి 88 మంది చనిపోయారు. తోకలోని జాక్‌స్క్రూకు గ్రీజు చాలినంత పెట్టకపోవడం వల్ల మర అరిగిపోయిందని దర్యాప్తు తేల్చింది. ‘ఈ విమానం ఈ రాత్రి లేవదు’ అని చెప్పగలిగే మెకానిక్ మీకు కావాలి. అలా చెప్పినవాడి ఉద్యోగం తెల్లారేసరికి పోకుండా చూసే సంఘం అతనికి కావాలి.

యూనియన్ నాయకులకు ఒక మాట. మీరు ఒకరినొకరు ఎంత తిట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. కానీ బ్యాలెట్ కోరుతూ లేబర్ కమిషనర్‌కు రాసే ఉత్తరం మీద మీరందరూ కలిసి సంతకం పెట్టండి. పెట్టనివాళ్లు ఎందుకు పెట్టలేదో గేటు మీటింగ్‌లో చెప్పండి.

మిత్రులారా, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర వినతిపత్రం ఉంటుంది. అందులో మూడే కోరికలు: విలీనమైన ఆరు నెలల్లో రహస్య బ్యాలెట్, సీనియారిటీకి తటస్థ మధ్యవర్తి, కాంట్రాక్టు వాళ్లకూ ఓటు. చదవండి, నచ్చితే సంతకం పెట్టండి. మీ పక్క బేలో వేరే జెండా కింద పనిచేస్తున్నవాళ్ల చేత కూడా పెట్టించండి.