మన రుజువు మన చేతిలో

ఒకప్పుడు మన బతుకంతా కరణం రాతలో ఉండేది. దున్నేది మనం, అడంగల్‌లో పేరు ఇంకొకరిది. ఎందుకని అడిగితే "లెక్కలో అట్లా ఉంది" అనేవాడు. ఆ లెక్క మనం చూసింది లేదు, చూసినా చదివింది లేదు. 1984లో కరణీకం పోయింది. లెక్క మాత్రం పోలేదు. దస్త్రంలోంచి కంప్యూటర్‌లోకి దూరింది.

మొన్న పేటలోంచి ఒక పెద్దమ్మ మా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, పోయినేడు తెర మీద ఎకరం ఇరవై సెంట్లు నా పేరనే ఉందయ్యా. ఇప్పుడు ఎనభై సెంట్లే చూపిస్తంది" అంది. ఆమె చూసింది నిజమే. చూసినట్టు రుజువేది? ఆ రోజు పక్కనున్న మనవడి చేతిలో ఫోను ఉంది. రెండు మీటలు నొక్కితే సరిపోయేది!

స్క్రీన్‌షాట్ అంటే ఇంతే. ఆ క్షణాన తెర మీద ఏముందో దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకునే ఫొటో. చాలా ఫోన్లలో పవర్ మీట, సౌండ్ తగ్గించే మీట ఒక్కసారే నొక్కితే పడుతుంది. కంప్యూటర్‌లో విండోస్ మీటతో పాటు ప్రింట్‌స్క్రీన్ మీట నొక్కాలి. అక్షరం రానివాళ్ళు కూడా చెయ్యగల పని ఇది.

ఎప్పుడు తియ్యాలి? అడంగల్, వన్‌బీ చూసినప్పుడు. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తుకు నంబరు వచ్చినప్పుడు. ఫోనులో డబ్బు కట్టినప్పుడు. అన్నిటికంటే ముఖ్యం, ఊరి వాట్సాప్ గ్రూపులో కులం పేరు పెట్టి తిట్టినప్పుడు. తిట్టినవాడు కాసేపటికి దాన్ని అందరి ఫోన్లలోంచీ చెరిపేయగలడు. చెరిపేసి "నేననలేదు" అంటాడు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టబోతే ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరి ముందు అన్నారు అని అడుగుతారు. అందుకే పంపినవాడి నంబరు, గ్రూపు పేరు, తేదీ, టైము కనిపించేట్టు తియ్యండి.

అయితే ఒక్క స్క్రీన్‌షాట్‌తోనే అన్నీ అయిపోవు. దాన్ని మార్చొచ్చు, లేనిది పుట్టించొచ్చు. మన పిల్లల మీదే దొంగది పుట్టించి ఊరిని రెచ్చగొట్టొచ్చు. కనుక కనపడ్డ ప్రతిదాన్నీ నమ్మి పదిమందికి పంపకండి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నకలుకు సర్టిఫికెట్ జతచెయ్యాలి. లాయరును అడగండి. అసలు మెసేజి చెరపొద్దు, ఆ ఫోను అమ్మొద్దు. భూమి విషయంలో ఫొటోతో ఆగకుండా ఆఫీసు ముద్ర ఉన్న నకలు తీసుకోండి.

చుండూరులో 1991లో మనవాళ్ళను నరికారు. కళ్ళారా చూసినవాళ్ళు కోర్టులో నిలబడి చెప్పారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. మన కంటికీ మన నోటికీ ఈ దేశం కట్టే విలువ ఎంతో అక్కడే తేలింది. ఆ చిన్న ఫొటో న్యాయం తెచ్చిపెట్టదు. కానీ "నువ్వు చూసిందేమిటి?" అని అడిగినవాడి ముందు వట్టి చేతులతో నిలబడే గతి తప్పిస్తుంది.

పేటలో ఫోనున్న ప్రతి పిల్లా, పిల్లవాడూ ఇది నేర్చుకోవాలి, తెలియని పెద్దలకు చేసిపెట్టాలి. వాళ్ళ లెక్క వాళ్ళు రాసుకుంటున్నారు. మన లెక్క మనం దాచుకుందాం.

జై భీమ్!